ఉక్కు కంకణాలు

రైలు ఇంజను చక్రం మా రోజుల్లో రెండు ముక్కలుగా ఉండేదని తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ. లోపల ఒక చక్రం, దాని చుట్టూ తొడిగిన మందపాటి ఉక్కు వలయం. ఆ వలయాన్ని టైరు అనేవాళ్ళం. పట్టాల మీద అరిగేది టైరే. బాగా అరిగాక దాన్ని తీసేసి కొత్తది తొడిగేవాళ్ళం. నా ఉద్యోగమంతా ఆ తొడగడమూ తీయడమే. ఇప్పుడు ఒకే ముక్కగా చేసిన చక్రాలు వచ్చాయి కనుక ఆ పని దాదాపు పోయింది.

రైల్వేలో కొత్తగా చేరిన మన పిల్లల కోసం ఏదైనా రాయమని బిలాస్‌పూర్ కాలనీలో తెలుగువాళ్ళు అడిగారు. ఆ పిల్లల్లో సగం మంది తెలుగు మాట్లాడగలరు గాని చదవలేరు. వాళ్ళకు ఎవరైనా చదివి వినిపించండి. ఎప్పుడు ఏ పదవి వచ్చిందో రాయను, అది సర్వీసు పుస్తకంలో ఉంటుంది. పనిచేసిన షాపు, అంటే రైల్వే వర్క్‌షాపు, పేరూ రాయను. ఇందులో ఒక తప్పు గురించి వస్తుంది. అది నాది, షాపుది కాదు.

తొడగడం ఎలాగంటే

టైరు లోపలి కొలతను చక్రం బయటి కొలత కంటే కావాలనే కొద్దిగా తక్కువ ఉంచుతారు. మామూలుగా చూస్తే అది చక్రానికి పట్టదు. టైరును నేల మీద పడుకోబెట్టి చుట్టూ గ్యాస్ మంటలు పెడతారు. నీలం మంటలు గుండ్రంగా, చప్పుడు లేకుండా వెలుగుతాయి. ఉక్కు వేడెక్కి విప్పారుతుంది. అప్పుడు క్రేనుతో చక్రాన్ని పైనుంచి మెల్లగా అందులోకి దించుతారు. ఇక చల్లారే కొద్దీ టైరు బిగుసుకుంటుంది. పక్కన సన్నని తాళం కమ్మి ఒకటి వేస్తారు గాని, అసలు పట్టు ఆ బిగింపుదే.

ఒకసారి రతన్‌పూర్ బస్సు దిగి నడుస్తుంటే రోడ్డు పక్కన ఒక కమ్మరి ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేస్తూ కనిపించాడు. గ్యాస్ లేదు, క్రేను లేదు, పిడకల మంట. చేస్తున్నది మాత్రం మా పనే. ఎండలో నిలబడి చివరిదాకా చూశాను. పట్టా చక్రం మీద కూర్చున్నాక అతను నీళ్ళు పోశాడు. ఆవిరి లేచింది, చెక్క కిర్రుమంది. అతను తలెత్తి నా వైపు చూసి, ఏం కావాలన్నట్టు గడ్డం ఎగరేశాడు. నేనూ ఇదే చేస్తానని చెప్పాలనిపించింది. ఇస్త్రీ చొక్కా మనిషి అలా అంటే నవ్వుతాడని చెప్పలేదు.

కంకణం అన్న మాట

రైల్వే స్కూల్లో లెక్కల మాస్టారు ఒకే కేంద్రంతో రెండు వృత్తాలు గీసి, వాటి నడుమ జాగాను సుద్దతో నింపి, దీన్ని కంకణం అంటారని చెప్పారు. పిల్లలందరూ గాజులు గుర్తొచ్చి నవ్వారు. నేను నవ్వలేదు. మా తాతగారు శ్రీకాకుళం వైపు నాలుగు ఊళ్ళకు దొర. ఆయన కుడిచేతికి బంగారు కంకణం ఉండేదట. నా దాకా వచ్చింది దాని పెట్టె మాత్రమే. లోపల ఎర్ర మఖమలులో గుండ్రటి పల్లం ఉండేది. చిన్నప్పుడు ఆ పల్లం చుట్టూ వేలు తిప్పుతూ గంటల తరబడి కూర్చునేవాణ్ణి. లేని వస్తువు ఆకారం అంత స్పష్టంగా ఉండగలదని అప్పుడే తెలిసింది.

ఆ ఒక్క మాటకు మనవాళ్ళు ఎన్ని అర్థాలు కట్టారో చూడండి. చేతికి వేసుకునే నగ కంకణం. పెళ్ళిలో, వ్రతంలో మణికట్టుకు కట్టే పసుపుతాడూ కంకణమే. అది కట్టించుకున్నవాడు పని పూర్తయ్యేదాకా విప్పకూడదు గనుక, పట్టుదలతో దిగినవాణ్ణి కంకణం కట్టుకున్నాడంటాం. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పలేక అంచు మిగిల్చినప్పుడు పంచాంగంలో అది కంకణ గ్రహణం. లెక్కల పుస్తకంలో రెండు వృత్తాల నడుమ జాగా. పుట్టుక సంగతికి వస్తే, చప్పుడు చేయడమనే అర్థమున్న 'కణ్' అన్న సంస్కృత ధాతువు నుంచి, అంటే గాజుల గలగల నుంచి వచ్చిందని కొందరు పండితులంటారు. మరికొందరు ఒప్పుకోరు. నేను సుత్తి పట్టినవాణ్ణి కాబట్టి మొదటివాళ్ళ పక్షం. బాగా బిగిసిన టైరు మీద సుత్తితో కొడితే చాలాసేపు మోగుతుంది. వదులైనది మొద్దుగా ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటుంది.

మధ్యాహ్నం వేళ షాపులో కొత్త టైర్లు వరసగా నిలబెట్టి ఉండేవి. వాటి ఖాళీల్లోంచి చూస్తే అవతలి గోడ, గోడ మీది వెలుగు, నడిచిపోయే మనుషులు గుండ్రంగా కనిపించేవారు. ఒక మనిషి ఒక కంకణంలోంచి మాయమై పక్క కంకణంలో తేలేవాడు. పనిలో చేరిన మొదటి ఏడాది నేను అది చూస్తూ టీ చల్లార్చుకునేవాణ్ణి.

సేన్ సాహెబ్

నా పైఅధికారి సేన్ సాహెబ్ బెంగాలీ, బక్కపలచటి మనిషి, గొంతు పెంచడం తెలియనివాడు. కొత్తగా వచ్చిన ప్రతివాణ్ణీ ఒకటే అడిగేవాడు: వలయాన్ని వేడి చేస్తే నడుమ ఖాళీ పెరుగుతుందా, తగ్గుతుందా? ఉక్కు ఉబ్బుతుంది కాబట్టి లోపలికీ ఉబ్బి ఖాళీ తగ్గుతుందన్నాను. ఆయన నా చేతే కొలిపించాడు. ఖాళీ కూడా పెరిగింది. వలయం పెరిగితే దాని లోపలున్న ఏమీ లేనితనం కూడా దానితోపాటు పెరుగుతుంది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కొంచెం మత్తుగా ఉంటుంది.

ఒకరోజు ఆయనకు కంకణం అన్న మా మాట చెప్పాను. ఇంగ్లీషులో దాన్ని యాన్యులస్ అంటారనీ, లాటిన్‌లో సంవత్సరం అనే మాట నుంచి వచ్చిందనీ, చెట్టు మానులో ఏడాదికొక వలయం పడుతుంది కదా అనీ ఆయన చెప్పాడు. నాకు చాలా నచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆయన షాపు నడుమ నిలబడి, మిషన్లు ఆపించి, అందరి ముందు నన్ను పిలిచాడు. నిన్న నీకు తప్పు చెప్పాను, ఇంటికెళ్ళి నిఘంటువు చూశాను, సంవత్సరం మాట వేరు, ఇది వేరు, దీనికి చిన్న ఉంగరం అని అర్థం అన్నాడు. మళ్ళీ మిషన్లు నడిపించమని వెళ్ళిపోయాడు.

ఇంత చిన్న సంగతికి మిషన్లు ఆపడమేమిటని పక్కవాళ్ళు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు, చిరాకేసింది. అధికారి అన్నవాడు అలా తగ్గకూడదని నా పెంపకం. మా ఇంట్లో తప్పులు చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒప్పుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. మా దివాణం పోయింది ఆ దారినే. ఇది అర్థమయ్యేటప్పటికి నాకు నలభై ఏళ్ళు దాటాయి.

నిద్రపోయే చక్రాలు

మా షాపులో ఒక ఆచారం ఉండేది. బయటినుంచి వచ్చిన చక్రాన్ని వెంటనే కొలవరు. లోపలికి తెచ్చి, నీడలో, కొలిచే గేజి పక్కనే ఒక షిఫ్టు మొత్తం పడుకోబెడతారు. దాని మీద సుద్దముక్కతో 'సో రహా హై', నిద్రపోతోంది అని హిందీలో రాస్తారు. ఆ రాత ఉన్నంతసేపు దాన్ని ఎవరూ ముట్టకూడదు. బిలాస్‌పూర్ మే నెల ఎండలో ఉక్కు ఉబ్బి ఉంటుంది. నీడలో పడుకుంటేనే అసలు కొలతకు వస్తుంది.

చెవికి తమాషాగా ఉన్నా అది కచ్చితమైన నియమం. దాన్ని పెట్టింది ఏ అధికారో కాదు, మిషన్ల మీద పనిచేసినవాళ్ళు. మా టర్నరు బిసాహూ దాన్ని అందరికంటే నిష్ఠగా పాటించేవాడు. ఛత్తీస్‌గఢ్ మనిషి, కోటా పక్క పల్లె నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. టైరు లోపలి కొలత కోసేది అతనే. పడుకున్న చక్రాల పక్కన అతను గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

ఆ మే నెలలో సేన్ సాహెబ్ వారం రోజులు సెలవు పెట్టి షాపు నాకు అప్పగించాడు. రెండో రోజే పైనుంచి ఫోను వచ్చింది. ప్యాసింజరు ఇంజను ఒకటి ఒక్క చక్రం కోసం ఆగిపోయి ఉంది, వెంటనే కావాలి. కొత్త చక్రాలు పొద్దుటినుంచి యార్డులో ఎండలో పడి ఉన్నాయి. ఒకదాన్ని లోపలికి తెప్పించి అప్పటికప్పుడు కొలిచాను. ఆ చక్రం మీద కార్ఖానా వాళ్ళు కొట్టిన కొలత అచ్చు ఉంది. నా కొలత దానికంటే మూడు వెంట్రుకల మందం ఎక్కువ వచ్చింది. కార్ఖానా వాళ్ళే తప్పు కొట్టారనుకున్నాను. ఆ రోజు నాకు ఇంకో ఆలోచన రాలేదు.

బిసాహూ చక్రం మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు.

"అభీ జాగత్ హే, సాహెబ్." ఇంకా మెలకువగానే ఉందన్నాడు.

అందరూ వింటున్నారు. చెయ్యి తినడానికి, గేజి కొలవడానికి అని హిందీలో అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. బిసాహూ చెయ్యి తీసేసి, నేను రాసిచ్చిన కొలతకే టైరు కోశాడు. మర్నాటికల్లా చక్రం ఇంజను కిందికి చేరింది.

మూడు వెంట్రుకలు

ఆ మరుసటి రోజు పొద్దున ఇంజను ప్యాసింజరు తగిలించుకుని కట్నీ వైపు బయలుదేరింది. డ్రైవరు జగ్గారావు. వాళ్ళూ శ్రీకాకుళం వైపువాళ్ళే. మూడు తరాలుగా రైల్వేలో ఉన్న కుటుంబం. నన్ను దివాణం బాబు అని పిలిచేవాడు. అందులో మర్యాద ఎంతో వెక్కిరింత ఎంతో నాకెప్పుడూ తేలలేదు.

బండి వెళ్ళిన పావుగంటకు నేను ఆ కొత్త చక్రాల్లో రెండోదాని దగ్గరికి వెళ్ళాను. అది నిన్నటినుంచి నీడలో పడుకుని ఉంది. కార్ఖానా వాళ్ళ తప్పు రెండోసారి పట్టుకుని కాగితం మీద పెట్టాలని నా ఉద్దేశం. గేజి ఆనించాను. కొలత సరిగ్గా అచ్చు మీదున్నంతే వచ్చింది. గేజి తుడిచి మళ్ళీ కొలిచాను. చక్రం చుట్టూ తిరిగి ఇంకో చోట కొలిచాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

షాపు చప్పుళ్ళన్నీ దూరంగా, నీళ్ళలోంచి వినిపిస్తున్నట్టు అయ్యాయి. మొన్నటి చక్రం ఎండకు ఉబ్బి ఉండగా కొలిచాను. ఆ కొలతకు సరిపడా టైరు కోయించాను. ఈపాటికి చక్రం చల్లారి తన సైజుకు వచ్చేసి ఉంటుంది. టైరు ఉండాల్సినంత బిగువుగా లేదు. కర్గీ రోడ్ స్టేషను దాటితే బండి కొండ ఎక్కుతుంది. సాయంత్రం అదే ఇంజను అదే కొండ దిగాలి. దిగేటప్పుడు బ్రేకు దిమ్మలు టైరును రాస్తూనే ఉంటాయి. టైరు వేడెక్కి విప్పారుతుంది. పట్టు చాలని టైరు అక్కడ చక్రం మీద జారుతుంది. వెనక జనంతో నిండిన పెట్టెలుంటాయి.

ఫోను పది అడుగుల దూరంలో ఉంది. ఇంజనును ఒకసారి చూడమని మాత్రం చెబితే ఎవరో పైపైన చూసి పంపించేస్తారు. ఆపాలంటే కారణం చెప్పాలి. ఆ పది అడుగులు నడవడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. బండ్ల రాకపోకలు చూసే కంట్రోలు వాళ్ళతో, కర్గీ రోడ్‌లో బండి ఆపండి, టైరు కొలత తప్పింది, నేను వస్తున్నానన్నాను. గంటకంటే ఆపలేమన్నారు. కొలత తప్పిందని అన్నానే గాని, ఎవరు తప్పారో అప్పటికీ చెప్పలేదు.

కర్గీ రోడ్

జీపులో సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రోడ్డు మీద ఎండ నీళ్ళలా పారుతోంది. చెరువుల్లో గేదెలు మునిగిన చోటల్లా వలయాలు విచ్చుకుంటున్నాయి. ఆ అరగంట నిజంగా గడిచిందో కలగన్నానో ఇప్పుడు చెప్పలేను.

ప్రయాణికులు దిగి వేపచెట్ల నీడన కూర్చుని ఉన్నారు. జగ్గారావు ఇంజను మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏటి దివాణం బాబూ, జీపేసుకుని వచ్చీసినారు? నా ఇంజనుకి దిష్టి తీస్తారేటి?"

టైరు తొడిగాక దాని మీదినుంచి చక్రం మీదికి నాలుగు చోట్ల తెల్లరంగు గీతలు గీస్తాం. టైరు జారితే గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. కింద పాకి నాలుగు గీతలూ చూశాను. నాలుగూ తిన్నగానే ఉన్నాయి. సుత్తితో చుట్టూ కొట్టాను. బాగానే మోగింది.

నా వెనకే వంగి చూస్తున్న జగ్గారావు లేచి నిలబడ్డాడు. "గీతలు తిన్నగున్నాయి. సప్పుడు గంటలాగుంది. మరేటి బాబూ? జనాలు తిడుతున్నారు, నానెల్తాను."

ఆ సమయం నాకు బాగా గుర్తుంది. వెళ్ళమంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. చూపించడానికి నా దగ్గర ఒక్క ఆధారం లేదు. ఉన్నదల్లా ఒక లెక్క, అదీ నాకు మాత్రమే తెలిసిన లెక్క. గీత విరిగి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. ఎంత సిగ్గుమాలిన కోరికో రాస్తుంటే తెలుస్తోంది.

ఇంజను వెళ్ళదని చెప్పాను. స్టేషను మాస్టరు వచ్చి, చూడబోతే లోపమేమీ లేదు, కారణం ఏమని రాయమంటారని అడిగాడు. పుస్తకం ఇటివ్వండి, నేనే రాస్తానన్నాను. చక్రం ఎండవేడి మీద ఉండగా కొలిచాను, అందువల్ల టైరు పట్టు తక్కువైంది, టర్నరు నాకు ముందే చెప్పాడు, నేను వినలేదు, ఈ ఇంజను కొండ దిగడానికి పనికిరాదు అని రాసి సంతకం పెట్టాను. జగ్గారావు నా భుజం మీదుగా చదివాడు. ఆ పూట మళ్ళీ వేళాకోళం చేయలేదు.

వేరే ఇంజను వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా ప్రయాణికులు నన్ను తిట్టారు. ఒక ముసలావిడ బుట్ట దించుకుని నా ఎదురుగానే కూర్చుని, ఊపిరి తిప్పుకోవడానికి ఆగుతూ మరీ తిట్టింది. చెట్టు నీడలోకి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాను. క్షమించమని నడుము వంచడం నాకు రాదు, అది కూడా పెంపకమే.

టైరు దిగినప్పుడు

ఇంజనును ఖాళీగా, నెమ్మదిగా షాపుకు తెప్పించాం. సేన్ సాహెబ్ సెలవు మధ్యలో వచ్చాడు. చక్రాన్ని ఇంజను కిందినుంచి విడదీసి క్రేనుకు తగిలించి, టైరు చుట్టూ మంటలు పెట్టారు. బాగా బిగిసిన టైరు ఊడిరావడానికి ఎంతసేపు పడుతుందో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అందులో సగమైనా గడవకముందే టైరు తనంతట తాను జారి కింద ఇసుకలో పడింది.

సేన్ సాహెబ్ నన్ను పక్కకు పిలిచాడు. టైరు కోసింది బిసాహూ కదా, విచారణలో ఆ సంగతి ఎత్తమని పైవాళ్ళలో ఒకరు అప్పుడే సలహా ఇచ్చారని చెప్పాడు. కర్గీ రోడ్ పుస్తకంలో రాసేశానని చెప్పాను. ఆయన తల ఊపాడు. శిక్ష పడింది, చిన్నదేమీ కాదు. దాని వివరాలు అనవసరం.

తర్వాత బిసాహూ మిషను దగ్గరికి వెళ్ళాను. మొన్న నవ్వినవాళ్ళు ఉన్నారో లేదో చూసుకుని, వాళ్ళు వినేలాగే అన్నాను, ఆ రోజు నీ చెయ్యే నిజం చెప్పిందని.

అతను మిషను ఆపలేదు. "హాత్ తో ఖాయే బర్ హే, సాహెబ్."

చెయ్యి తినడానికే కదా అన్నాడు. షాపంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నాకు చెవులు మండిపోయాయి గాని, ఆ మాట నాదే కదా, తిరిగి తీసుకున్నాను.

ఇది చదివే పిల్లలకు ఒక్కటే చెప్పాలి. పనిలో తప్పు చేయకుండా ఎవరూ ఉండలేరు, ఉండగలనని నేను నమ్మినందుకే అంత దాకా వచ్చింది. లోపం కంటికి కనబడేదాకా ఆగకండి. మీ కొలత తప్పని మీకు తెలిసిన క్షణం నుంచీ అది లోపమే.

కొత్త టైరు వేసి, ఇంజను తయారయ్యేసరికి మూడు రోజులు పట్టింది. సేన్ సాహెబ్ ఆ చక్రం కొలత మళ్ళీ నాకే అప్పగించాడు. ఆ ఇంజను మీద డ్యూటీ మళ్ళీ జగ్గారావుకే పడింది, మళ్ళీ కట్నీ వైపే. పొద్దున వచ్చి చక్రాల చుట్టూ తిరిగాడు. మామూలుగా అతను అలా తిరగడు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఈ సక్రం ఎవులు కొలిసినారు బాబూ?"

"నేనే."

కొంచెంసేపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత సంచి భుజాన వేసుకుని, ఇంకేమీ అడగకుండా ఇంజను ఎక్కాడు.